కొండ కింద ఇల్లు కొనకండి

హౌరాలోని మా టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఎవరైనా రిటైరవుతున్నారంటే ఆర్నెల్ల ముందునుంచే ఒక కాగితం చేతులు మారుతూ ఉంటుంది. నున్నటి కాగితం, నాలుగు మడతలు. పైన గోపురం బొమ్మ, కింద గళ్లు గళ్లుగా గీసిన పొలం, పక్కన "స్వామి పాదాల చెంత" అని పెద్ద అక్షరాలు. ఒకప్పుడు అది సింహాచలం, ఒకప్పుడు పూరీ, ఇంకోసారి తిరుపతి, ఈమధ్య యాదగిరిగుట్ట. ఊరు మారినా కాగితం తెచ్చిన మనిషి చెప్పే మాట మారదు: స్వామి కార్యమూ అవుతుంది, స్వకార్యమూ అవుతుంది.

ఈసారి ఆ కాగితం పక్క బ్లాకు మావయ్య చేతికి వచ్చింది. వరసకి మావయ్య. కార్ షెడ్‌లో మా నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఇంకో మూడు నెలల్లో రిటైర్‌మెంట్. పిల్లలిద్దరూ బెంగాలీ, హిందీ చదువుతారు, తెలుగు అక్షరాలు రావు. అందుకని మా ఇంటికి వచ్చి, "చదివి పెట్టమ్మా, ఎన్ని గజాలంటున్నాడో" అన్నాడు. చదివాను. నూట యాభై గజాలు, ముప్ఫై అడుగుల రోడ్డు, కొండకి నడిచి వెళ్లేంత దూరం. కాగితం మడిచి, "కొనొద్దు మావయ్యా" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. దేవుడికి అడ్డం చెప్పినదానిలా చూశాడు నన్ను. ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతా సగం, సెటిల్‌మెంటు డబ్బు చేతిలో పెట్టుకుని కొండవైపు చూస్తున్న మనవాళ్లందరికీ చెప్పాల్సింది కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య ఆశని చిన్నచూపు చూడను. రిటైరయ్యాక నాలుగు నెలలు మామూలు అద్దెకి క్వార్టర్లో ఉండనిస్తారు. జబ్బో పిల్లల చదువో కారణం చూపిస్తే ఇంకొన్ని నెలలు ఎక్కువ అద్దె కట్టి ఉండొచ్చు. ఆ తర్వాత తాళం ఇచ్చెయ్యాలి. ముప్ఫై అయిదేళ్లు ఒకే గోడకి కేలండర్ తగిలించిన మనిషికి ఆ గోడ తనది కాదని తెలిసే రోజు అది. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్‌లో కొంత ముందుగా అమ్ముకుంటే వచ్చిన డబ్బు, అన్నీ కలిపి జీవితంలో మొదటిసారి, చివరిసారి కూడా, ఒక పెద్ద మొత్తం చేతికొస్తుంది. ఇల్లు కావాలి. అది నిజం. ఎక్కడ కావాలన్న దగ్గరే మనవాళ్లు తప్పుతున్నారు.

మొదట పుణ్యం సంగతి చూద్దాం, ఎందుకంటే తక్కిన వాదనలన్నీ దాని చాటునే నిలబడ్డాయి. క్షేత్రంలో ఇల్లుంటే క్షేత్రవాసం, క్షేత్రవాసం పెద్దలు చెప్పిన ధర్మం, అంటారు. పెద్దలు చెప్పింది ఇది కాదు. కాశీలో తొమ్మిది నెలలు నిద్ర చేయాలన్న మన తెలుగువాళ్ల నమ్మకం చూడండి. తల్లి గర్భంలో ఎన్ని నెలలున్నామో అన్ని నెలలు. గర్భంలో ఉన్నవాడికి ఆస్తి ఉండదు. అక్కడికి వెళ్లేవాళ్లు ఉన్న ఇల్లు కొడుకులకి అప్పజెప్పి, రెండు జతల బట్టలతో వెళ్లేవాళ్లు. సత్రంలో గది, ఆశ్రమంలో భోజనం. ఈరోజుకీ కాశీలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటి చోట్లకి చేరే మన ముసలివాళ్లు అలాగే చేరుతున్నారు. ఆ ధర్మం నడిచింది ఇల్లు వదులుకోవడం మీద. దాన్ని తిరగేసి ఇల్లు సంపాదించుకోవడం కింద మార్చి, పేరు మాత్రం అదే ఉంచుకున్నాం.

డబ్బున్న భక్తులు ఆ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్లు క్షేత్రంలో కట్టించింది సత్రాలు, తవ్వించింది బావులు, నడిపించింది అన్నదానాలు. ఈ పద్ధతి ఇప్పటికీ చచ్చిపోలేదు. తిరుమల కొండ మీద దాతల పేర్లతో ఎన్ని అతిథి గృహాలున్నాయో అందరం చూశాం. లక్షలు, కోట్లు ఇచ్చి కట్టించిన దాతకి దాంట్లో ఉండే హక్కు ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా రోజులు ఎవరో ముక్కూమొహం తెలియని యాత్రికుడు ఆ మంచం మీద పడుకుంటాడు. కొండ మీద గజం స్థలం కూడా మనం కొనుక్కోలేం. కొండ మీద చెల్లని ఆశ కొండ కిందకి దిగేసరికి భక్తి ఎలా అయిందో నాకు ఎవరూ చెప్పలేదు.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, సుమారు వంద మందిని వెంటబెట్టుకుని కాశీ వెళ్లారు. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, పాట్నా చూసుకుని, మన ఈ కలకత్తా మీదుగానే దిగి, జగన్నాథం దర్శించి, గంజాం దారిన 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలలు. సుప్రీంకోర్టులో దుబాసీ, స్తోమతున్న మనిషి. దారి పొడుగునా ఉన్న క్షేత్రాల్లో ఎక్కడ కావాలంటే అక్కడ ఇల్లు కొనగలిగినవాడు. ఆయన మనకి మిగిల్చింది దస్తావేజులు కావు, కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకం. యాత్ర అన్న మాటలోనే వెళ్లడమూ ఉంది, తిరిగి రావడమూ ఉంది. వెళ్లి రావడానికి ఆయనకి పల్లకీలు, బోయీలు, గుడారాలు కావలసి వచ్చాయి. మావయ్యకి అదీ అక్కర్లేదు. రిటైరైన రైల్వే మనిషికి బతికున్నంత కాలం ఏటా పాసు వస్తుంది. రాత్రి హౌరాలో రైలెక్కితే తెల్లారేసరికి పూరీ. ఇంకొంచెం ఓపిక పడితే సింహాచలం. దేశంలో చాలామందికి లేని ఈ సౌకర్యం చేతిలో పెట్టుకుని, ఒక్క కొండకి కట్టుబడిపోవడానికి జీవితం మొత్తం కూడబెట్టింది ధారపోయడం ఏం భక్తి?

రోజూ దర్శనం చేసుకోవచ్చు కదా అంటారు. తిరుపతిలో స్థానికులకి తిరుమల దేవస్థానం దర్శనం ఎలా ఇస్తోందో కనుక్కోండి. 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం, అదీ టోకెను తీసుకుని. మిగతా రోజుల్లో తిరుపతి వాసి అయినా టికియాపారా వాసి అయినా ఒకే వరసలో నిలబడాలి. అలా నిలబెట్టడం న్యాయమే. కానీ ఆ వరసలో ముందు చోటు దొరుకుతుందనుకుని ఇల్లు కొన్నవాడు మోసపోయాడు.

ఇప్పుడు స్వకార్యం. దేవుడి ఊళ్లో ధర పడదు అన్న మాట ఎంత గట్టిగా చెబుతారంటే, అది వేదంలో ఉందేమో అనిపిస్తుంది. పుట్టపర్తి చూడండి. ఒక మనిషి మీద ఉన్న భక్తితో ఆ చిన్న పల్లెకి విమానాశ్రయం వచ్చింది, పెద్దాసుపత్రి వచ్చింది, 2000లో రైల్వే స్టేషను వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన భక్తులు అపార్ట్‌మెంట్లు కొన్నారు, వాళ్లని చూసి మనవాళ్లు కొన్నారు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా వెళ్లిపోయారు. ఆ తర్వాత అద్దెకొచ్చేవాళ్లు లేక అంతస్తులకి అంతస్తులే ఖాళీగా నిలబడ్డాయి. అయినకాడికి అమ్ముకుని వెళ్లినవాళ్లున్నారు.

అది మనిషి, ఇక్కడున్నది దేవుడు, స్వామి ఎక్కడికీ పోడు, అంటారు మావయ్య లాంటివాళ్లు. నిజమే, పోడు. తిరుపతిలో ధరలు పెరుగుతూనే ఉన్నాయి, కాదనను. కానీ పెరిగిన ధర ఎవరికి? అందులో కాపురం ఉంటున్నవాడికి ఆ పెరుగుదల కంటితో చూసుకోవడానికే. చేతికి రావాలంటే ఇల్లమ్మి ఊరొదలాలి. ఊరొదలనని చెప్పే కదా కొన్నది!

ఇంకో పెద్ద చిక్కు ఉంది. దాన్ని ఎవరూ కాగితం మీద అచ్చువేయరు. దేవుడి ఊళ్లో గుడికి ఎంత దగ్గరైతే అంత ధర. గుడి విస్తరించాలన్నప్పుడు మొదట కూలేదీ ఆ దగ్గరి ఇల్లే. కాశీ విశ్వనాథుడి ఆవరణ ఒకప్పుడు సుమారు 3 వేల చదరపు అడుగులు. 2021 డిసెంబరు 13న కారిడార్ తెరిచేనాటికి అది దాదాపు 5 లక్షల చదరపు అడుగులైంది. ఆ జాగా ఆకాశం నుంచి రాలేదు. గుడి చుట్టూ ఉన్న 300కి పైగా ఆస్తులు కొని, ఖాళీ చేయించి, పడగొడితే వచ్చింది. పూరీలో 2019లో శ్రీమందిరం చుట్టూ 75 మీటర్ల మేర కట్టడాలు తీసేయడం మొదలుపెట్టారు. రామానుజుల సంప్రదాయానికి చెందిన ఎమార్ మఠమే నిలవలేదు. శతాబ్దాల మఠానికి లేని రక్షణ మన నూట యాభై గజాలకి ఎక్కడిది? అయోధ్యలో రామపథం వెడల్పు చేసినప్పుడు దారికి ఇరువైపులా ఇళ్లు, దుకాణాలు ముందు భాగాలు పోగొట్టుకున్నాయి. పరిహారం ఇచ్చారు, నిజమే. విశాలమైన దారి వేలమంది యాత్రికులకి మేలు చేసింది, అదీ నిజమే. నేను విస్తరణని తప్పుపట్టడం లేదు. గుడికి జనం పెరిగితే జాగా కావాలి. డెబ్భై ఏళ్ల వయసులో పరిహారం చెక్కు పట్టుకుని ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక మనకి ఉందా అని అడుగుతున్నాను.

పోనీ గుడికి దూరంగా కొంటాం అంటారు. యాదగిరిగుట్ట పేరు చెప్పి హైదరాబాదు–వరంగల్ రోడ్డు మీద అమ్ముతున్న వెంచర్లు చాలావరకు అలాంటివే. 2022 మార్చి 28న కొత్త ఆలయం తెరవకముందే చుట్టుపక్కల పొలాలకి రాళ్లు పాతేశారు. అంత దూరంలో గంట వినపడదు, గోపురం కనపడదు, ఆటో లేనిదే గుడికి చేరలేం. అప్పుడది క్షేత్రవాసం ఎలా అవుతుంది? ఏ ఊరి శివారయినా అలాగే ఉంటుంది. దగ్గరగా కొంటే కూలే భయం, దూరంగా కొంటే కొన్న కారణమే పోతుంది. ఈ రెంటి మధ్య మనవాళ్లకి అమ్ముతున్నది గోపురం బొమ్మ ఒక్కటే.

సింహాచలం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన టికియాపారా తెలుగువాళ్లలో సగం మందికి ఇలవేల్పు అప్పన్నే. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి. పంచగ్రామాలంటే ఇవి. తరాలుగా జనం కాపురం ఉంటున్న ఊళ్లు. ఆ భూములు దేవస్థానానివని 1996లో రైత్వారీ పట్టా ఇవ్వడంతో, 12 వేలకు పైగా ఇళ్లు ఒక్కసారిగా దేవుడి భూమి మీద ఉన్న ఇళ్లయిపోయాయి. అక్కడి నుంచి ఎన్ని ప్రభుత్వాలు మారాయో, క్రమబద్ధీకరణ అంటూ ఎన్ని ఉత్తర్వులు వచ్చాయో, ఎన్ని కోర్టుల్లో ఆగాయో విశాఖవాళ్లని అడగండి. ఇల్లుంది, కరెంటు మీటరుంది, పన్ను రసీదుంది. అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ లేదు, కూతురి పెళ్లికి కుదువ పెడదామంటే బ్యాంకు ఒప్పుకోదు. శ్లాబు పగిలితే బాగుచేసుకోవడానికీ భయమే. వాళ్లెవరూ దేవుడి భూమిని ఆక్రమించాలని వచ్చినవాళ్లు కారు. కొందరి తాతలు అక్కడే పుట్టారు. పుట్టినవాళ్ల బతుకే ఇలా ఉంటే, హౌరా నుంచి వెళ్లి, అమ్మేవాడి నోటిమాట మీద కొనే మన బతుకు ఎలా ఉంటుంది?

దీని వెనక ఉన్న సూత్రం తెలుసుకోవడం మంచిది. మన చట్టంలో గుడిలోని దేవుడు ఒక వ్యక్తి. ఆస్తి ఉంచుకోగల వ్యక్తి. అంతేకాదు, ఎప్పటికీ మైనరు. పసిబిడ్డ ఆస్తిని ఎవరో అమ్మేసుకుంటే కోర్టు ఎలా చూస్తుందో, దేవుడి ఆస్తి అమ్మకాన్నీ అలాగే చూస్తుంది. 1987 నాటి ధర్మాదాయ చట్టం ప్రకారం గుడి భూమిని ముందస్తు అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అనే సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితా ఉంటుంది. దేవుడి మాన్యాలు దాంట్లోకి వెళ్తాయి. క్షేత్రమన్న తర్వాత చుట్టుపక్కల మాన్యాలు ఉండకుండా ఉండవు. అర్చకులకి, భజంత్రీలకి, పూలు కట్టేవాళ్లకి, పల్లకీ మోసేవాళ్లకి రాజులు, జమీందార్లు రాసిచ్చిన ఇనాములు. కాబట్టి మామూలు ఊళ్లో కంటే దేవుడి ఊళ్లోనే కాగితం ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. మనవాళ్లు దానికి సరిగ్గా తలకిందులుగా, దేవుడి ఊళ్లో మోసం ఉండదని చూడటమే మానేస్తారు. "ఈసీ శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు మావయ్య. ఈసీలో, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. ఎప్పుడూ రిజిస్టరు కాని మాన్యం భూమికి ఈసీ ఖాళీగానే వస్తుంది. ఖాళీ కాగితం చూసి మనం సంతోషపడతాం.

ఇక, క్షేత్రంలో ముసలితనం ప్రశాంతంగా గడుస్తుందన్న మాట. ఈ మాట దగ్గర మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. ఊరి పేరు రాయను, అది ఆ ఊరి తప్పు కాదు కాబట్టి.

నాన్న రిటైరైన ఏడాది ఒక క్షేత్రంలో రెండు గదుల ఇల్లు కొన్నారు. రాజగోపురం వీధి చివరికి వస్తే కనిపించేది. మొదటి నెల నేను వెళ్లి ఉన్నాను. తెల్లవారుజామున సుప్రభాతం మైకులో మొదలవగానే అమ్మ లేచి వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు పెట్టేది. టికియాపారాలో వాకిలి లేక ముప్ఫై ఏళ్లు గుమ్మం మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసిన మనిషి. ఆ ముగ్గు ముందు నిలబడి ఆమె ముఖంలో కనిపించిన వెలుగు నేను మరిచిపోలేదు, ఆ వెలుగు అబద్ధమనీ అనను. కానీ వీధిలో ఇంకెవరూ ముగ్గు పెట్టడం లేదని మూడో రోజుకి గమనించాను. పదకొండు ఇళ్లు. ఏడింటికి తాళాలు. ఒకటి బెంగళూరువాళ్లది, ఒకటి అమెరికాలో ఉన్నవాళ్లది, తక్కినవి హైదరాబాదువాళ్లవి. ఉత్సవాలకి మూడు రోజులు కార్లలో వచ్చి, తాళం తీసి, దులిపి, వంట చేసుకుని, మళ్లీ తాళం వేసి వెళ్లేవాళ్లు. పాలమ్మే ఆవిడ ఆ వీధికి రావడం మానేసింది, నాలుగిళ్ల కోసం అంత దూరం ఎందుకని. ఆ ఏడు ఇళ్లలో ఒకప్పుడు అద్దెకున్నవాళ్లు, గుడి దగ్గర కొబ్బరికాయలు, పూలు అమ్ముకునేవాళ్లు, అద్దెలు మోయలేక ఊరి అవతలికి వెళ్లిపోయారట. మనం పొరుగు కోసం వెళ్తున్నామనుకుంటాం. అక్కడ పొరుగు లేకుండా చేస్తున్నదీ మనమే.

రెండో ఏడు రథోత్సవం రోజు, సాయంత్రం నాలుగు దాటాక, నాన్నకి గుండెలో నొప్పి వచ్చింది. అమ్మ నాకు ఫోన్ చేసింది. నేను ఇక్కడ, బెలిలియస్ రోడ్డులో, కూరగాయలు కొంటున్నాను. ఫోన్లో డోళ్లు, నాదస్వరం, జనం గోవింద కొడుతున్న హోరు. ఆ హోరులో అమ్మ గొంతు: "ఎవర్ని పిలవాలే? ఎవర్ని పిలవాలి?" అదే మాట నాలుగుసార్లు. నాకు జవాబు తెలియలేదు. ఆ ఊళ్లో నాకు ఒక్క పేరు తెలియదు, ఆమెకీ తెలియదు. ఇక్కడి నుంచి అంబులెన్సుకి నేనే ఫోన్ చేశాను. అది వచ్చింది. కానీ వీధి మొదట్లో బారికేడ్లు, బారికేడ్ల వెనక వేలాది జనం, వాళ్ల మధ్య రథం. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక గాజుల దుకాణం అతను, అతని బల్లనే స్ట్రెచర్‌గా చేసి, జనంలోంచి నాన్నని మోసుకెళ్లారు. గంటకి పైగా పట్టింది. ఆ ముగ్గురికీ మా కుటుంబం రుణపడి ఉంది. నాన్న బతికారు. ఆర్నెల్లకి ఇద్దరూ టికియాపారా వచ్చేశారు. ఇల్లు అమ్మడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. బేరానికి వచ్చిన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న: "పార్కింగ్ ఉందా?"

ఒక్క మీ నాన్న సంగతి పట్టుకుని అందరినీ భయపెడతావా అనొచ్చు. గుండెనొప్పి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. క్షేత్రంలో దారులు ఎప్పుడు మూతపడతాయో మాత్రం పంచాంగంలోనే రాసి ఉంటుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ: 32 కిలోమీటర్ల దారి, లక్షల జనం. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం తెల్లవారుజామున వానకి గోడ కూలి, వరసలో నిలబడ్డ ఏడుగురు భక్తులు చనిపోయారు. అదే ఏడు జనవరి 8న తిరుపతి పట్నంలోనే, వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. యాత్రికుడికి ఇవి ఏడాదికి ఒక్క రోజు సాహసాలు. కాపురం ఉన్న ముసలివాళ్లకి ఇవి వీధి గుమ్మం ముందు, ప్రతి ఏడూ, ప్రతి పండక్కీ వచ్చేవి. ఆసుపత్రి విషయంలో సింహాచలానికి ఒక మంచి ఉంది, అది దాచను. విశాఖలో రైల్వే ఆసుపత్రి ఉంది, మన మెడికల్ కార్డు చెల్లుతుంది. అలాంటిది దగ్గరలో లేని క్షేత్రాలే ఎక్కువ. మనకి ఇక్కడ గార్డెన్ రీచ్ రైల్వే ఆసుపత్రి ఉంది. మావయ్య గుండెకి ఇప్పటికి రెండుసార్లు వైద్యం చేసింది అక్కడే.

ఇంత చెప్పినా మావయ్య కాగితం వదల్లేదు. అప్పుడు అర్థమైంది, ఆయన చూస్తున్నది గోపురాన్ని కాదు. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జూట్ మిల్లులకి, రైల్వేకి వచ్చారు. ఇక్కడివాళ్లు మద్రాసీలన్నారు, మనం ఊరుకున్నాం. ఊళ్లో ఉన్న అరెకరం అన్నదమ్ముల మధ్య చీలి, చీలి, చివరికి ఎవరిదో అయింది. తిరిగి వెళ్దామంటే ఆ ఊళ్లో ఇల్లు లేదు, వెళ్తే దాయాదుల ముందు చులకన. క్షేత్రంలో దాయాదులు లేరు. నువ్వెవరు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, స్వామి కోసం వచ్చానంటే చాలు. తెలుగు వినపడుతుంది, అరటాకులో అన్నం దొరుకుతుంది. పోయిన ఊరు మళ్లీ దొరికినట్టు ఉంటుంది. మావయ్య కొనాలనుకున్నది ఆ ఊరు. దూరపు కొండలు నునుపని మనకి తెలియక కాదు. దగ్గర ఏ కొండా లేనివాడికి దూరపు కొండే కనిపిస్తుంది.

ఆ బాధని నేను కాదనలేను. కానీ గజాల లెక్కన ఊరు రాదు. ఊరంటే అర్ధరాత్రి తలుపు కొడితే తీసే నాలుగు గుమ్మాలు. అవి మావయ్యకి ఉన్నాయి, ఇక్కడే ఉన్నాయి. టికియాపారా అందమైన చోటని చెప్పడం లేదు. వానాకాలంలో కార్ షెడ్ మునుగుతుంది, లోకల్ రైళ్లు ఆగిపోతాయి, మురుగు గుమ్మం దాటి వస్తుంది. అయినా పోయిన చలికాలం అమ్మ బాత్రూమ్‌లో జారిపడితే, నేను ఆఫీసు నుంచి వచ్చేలోపే కింద వాటా బెంగాలీ బౌదీ (వదిన) ఆమెని టోటోలో (బ్యాటరీ రిక్షాలో) ఎక్కించి, ఎక్స్‌రే తీయించి, మంచం మీద పడుకోబెట్టింది. అమ్మ ఎవర్ని పిలవాలని ఎవర్నీ అడగలేదు. బౌదీకి తెలుగు రాదు, అమ్మ బెంగాలీ ముప్ఫై ఏళ్లయినా అంతంత మాత్రమే.

దేవుడు కావాలంటే ఇక్కడా ఉన్నాడు. గంగకి ఆ ఒడ్డున దక్షిణేశ్వరం, ఈ ఒడ్డున బేలూరు మఠం. దాస్‌నగర్ దాటితే రామ్‌రాజతలా, టికియాపారా నుంచి రెండో స్టేషను. శ్రీరామనవమికి అక్కడ సీతారాముల పెద్ద మట్టి విగ్రహాలు నిలబెడతారు. నవమి పందిళ్లంటే మనకి ఎంత ప్రాణమో చెప్పక్కర్లేదు. మన దగ్గర కల్యాణం ఒక్క రోజు. ఇక్కడ రాముడు నాలుగు నెలలు కొలువుంటాడు, శ్రావణంలో ఆఖరి ఆదివారం ఊరేగించి గంగలో కలుపుతారు. మావయ్య పుట్టినప్పటి నుంచి ఆ ఊరేగింపు చూస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని చూశానని ఆయనే చెప్పాడు.

కాబట్టి మావయ్యకి నేను చెప్పింది ఇది. ఆ డబ్బులో సగంతో ఈ చుట్టుపక్కలే, మెట్లు తక్కువున్న చోట, చిన్న ఇల్లు చూద్దాం. దాస్‌నగర్ అయినా సరే, సంత్రాగాఛీ అయినా సరే, మన మనుషులు టోటోలో రాగలిగినంత దూరంలో. కాగితాలు నేను దగ్గరుండి చూపిస్తాను. మిగతా సగం బ్యాంకులో ఉండనీ, అత్త పేరు కూడా కలిపి. పుణ్యం చేయాలనిపిస్తే అప్పన్న అన్నదానానికి అత్త పుట్టినరోజు నాడు కొంత కట్టు. ఆ రోజు ఎవరో తింటారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కాగితం మళ్లీ విప్పి, గోపురం బొమ్మ మీద వేలు పెట్టి, "మరి చందనోత్సవానికో?" అన్నాడు.

"పాసుంది కదా మావయ్యా. నేనూ వస్తాను. అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరుస్తారు, కింద బెర్తులు ముందే అడుగుదాం" అన్నాను. అక్షయ తదియ ఏ తారీఖున పడిందో చూడమని అమ్మని కేక వేశాడు.